కాక్‌పిట్‌లో మూడో కుర్చీ: అమెరికా పైలట్ల జంప్‌సీట్ మర్యాదలు, యూనియన్ వైరాలు

సంక్షిప్తంగా: అమెరికాలో ఒక ఎయిర్‌లైన్‌లో పనిచేసే పైలట్ మరో ఎయిర్‌లైన్ విమానంలో, కాక్‌పిట్‌లోని అదనపు సీటులో టికెట్ లేకుండా ప్రయాణించే వెసులుబాటు ఉంది. ఆ సీటు ఇవ్వాలా వద్దా అన్నది చివరికి ఆ విమాన కెప్టెన్ నిర్ణయిస్తారు. సమ్మె కాలంలో యూనియన్ మాట కాదని విమానం నడిపినవారి మీద, విలీనాల తర్వాత అవతలి వర్గంగా మారిన సొంత సహోద్యోగుల మీద ఈ అధికారాన్ని ఆయుధంగా వాడిన సందర్భాలు గత నాలుగు దశాబ్దాల్లో పలుమార్లు వచ్చాయి. ఇది మర్యాదకు సంబంధించిన చిన్న తగాదాలా కనిపించినా, దీని మూలాలు సీనియారిటీ పద్ధతిలోనూ కార్మిక చట్టంలోనూ ఉన్నాయి. దెబ్బ మాత్రం ఎక్కువసార్లు అసలు తగవుతో సంబంధం లేని పైలట్ల మీద పడింది.

గేటు దగ్గర మొదలయ్యే మర్యాద

అమెరికాలో దేశీయ విమానాలు ఎక్కిన తెలుగువారిలో చాలామంది ఈ దృశ్యం చూసే ఉంటారు. ప్రయాణికులు వరుసలో నిలబడి ఉండగా, యూనిఫాంలో ఉన్న ఒక పైలట్ చిన్న పెట్టె లాక్కుంటూ వచ్చి, గేటు దగ్గరి ఉద్యోగితో రెండు మాటలు మాట్లాడి, విమానం లోపలికి వెళ్లి కాక్‌పిట్ గుమ్మం బయట ఆగుతారు. ఆ విమానం నడిపేది ఆయన కాదు, చాలాసార్లు ఆయన కంపెనీ కూడా వేరే. లోపల ఇద్దరు పైలట్ల వెనుక మడత విప్పితే తెరుచుకునే ఇరుకైన సీటు ఒకటో రెండో ఉంటాయి. విమానయాన సంస్థల తనిఖీ కోసం వచ్చే ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ ఇన్‌స్పెక్టర్లు, శిక్షణలో ఉన్నవారిని పరిశీలించే సీనియర్ పైలట్లు కూర్చోవడానికి ఉద్దేశించిన సీటు అది. వారెవరూ లేని రోజున ఇంటికో డ్యూటీకో వెళ్లాల్సిన తోటి పైలట్‌కు అది దక్కుతుంది. జంప్‌సీట్ అంటే ఇదే.

ఈ ప్రయాణానికి రాసిన నిబంధనలు కొన్ని, రాయని నిబంధనలు అంతకంటే ఎక్కువ. రాసినవాటిలో ముఖ్యమైనది ఫెడరల్ విమానయాన నిబంధనల్లోని 121.547 సెక్షన్. కాక్‌పిట్‌లోకి ఎవరిని రానివ్వవచ్చో అది చెబుతుంది, సిబ్బంది, తనిఖీ అధికారులు కాని వారెవరికైనా కెప్టెన్ అనుమతి ఉండాలంటుంది. గేటు దగ్గర కంపెనీ గుర్తింపు కార్డు చూపాలి. ఆ కార్డు వివరాలను కాస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో సరిచూస్తారు. కాక్‌పిట్ యాక్సెస్ సెక్యూరిటీ సిస్టమ్ అన్న పేరుకు అది పొట్టి రూపం. ఆ వ్యక్తి ఆ నిమిషానికి నిజంగానే ఆ కంపెనీ ఉద్యోగంలో ఉన్నారా లేదా అన్నది ఫొటోతో సహా గేటు దగ్గరి తెర మీద కనిపిస్తుంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఇతర కంపెనీల పైలట్లకు కాక్‌పిట్ తలుపులు పూర్తిగా మూసుకుపోయాయి. అవి మళ్లీ తెరుచుకున్నది ఈ వ్యవస్థ వచ్చాకే.

రాయని నిబంధనలు కాక్‌పిట్ గుమ్మం దగ్గర మొదలవుతాయి. గేటు ఉద్యోగి సరేనన్నంత మాత్రాన నేరుగా వెళ్లి కూర్చోవడం పెద్ద అమర్యాద. గుమ్మం దగ్గర ఆగి, పేరు, కంపెనీ చెప్పి, కార్డులు చూపించి, ‘మీతో రావచ్చా కెప్టెన్?’ అని స్వయంగా అడగాలి. క్యాబిన్‌లో ఖాళీ సీటు దొరికి అక్కడ కూర్చుంటున్నా సరే, కెప్టెన్‌ను కలిసి అడగడం ఆనవాయితీ. కాక్‌పిట్‌లో కూర్చుంటే ఆక్సిజన్ మాస్క్ ఎక్కడుందో, అత్యవసరంగా ఎటు నుంచి బయటపడాలో చెప్పించుకోవాలి. విమానం 10,000 అడుగుల లోపు ఎత్తులో ఉన్నంతసేపు పనికి సంబంధం లేని మాట ఒక్కటి కూడా మాట్లాడకూడదు. ఈ చివరిది మర్యాద మాత్రమే కాదు, నిబంధన కూడా. క్యాబిన్ సిబ్బందికి చాక్లెట్ల పొట్లం తెచ్చి ఇవ్వడం చాలామంది పాటించే అలవాటు. దిగేటప్పుడు మరోసారి కృతజ్ఞత చెప్పకుండా వెళ్లిపోతే ఆ కెప్టెన్ ఆ కంపెనీ పేరు గుర్తుపెట్టుకుంటారు. ఈ వ్యవస్థలో ఒక్కరి ప్రవర్తనను ఆ కంపెనీ పైలట్లందరి ఖాతాలో రాస్తారన్న సంగతి ముందు ముందు అవసరపడుతుంది.

ఈ సీటు లేకపోతే ఏమవుతుంది

బయటివారికి ఇది ఉచిత ప్రయాణ సౌకర్యంలా కనిపిస్తుంది. పైలట్లకు మాత్రం ఇది ఉద్యోగ జీవితాన్ని నిలబెట్టే ఏర్పాటు. అమెరికాలో పైలట్ ఎక్కడి నుంచి డ్యూటీ మొదలుపెట్టాలో కంపెనీ నిర్ణయిస్తుంది. న్యూయార్క్, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో వంటి ఖరీదైన నగరాలే చాలా కంపెనీలకు స్థావరాలు. స్థావరం మూతపడవచ్చు, విమానం రకం మారితే ఊరు మారవచ్చు. అలాంటప్పుడల్లా ఇల్లు ఎత్తివేసి, పిల్లల బడి మాన్పించి మారడం సాధ్యం కాదు కాబట్టి, చాలామంది ఒక ఊళ్లో కాపురం ఉంటూ మరో ఊళ్లో ఉద్యోగం చేస్తారు. ఆ దూరం వందల మైళ్లు, ఒక్కోసారి వేల మైళ్లు. డ్యూటీకి చేరుకోవడం పైలట్ సొంత బాధ్యత.

ఈ రాకపోకలు ఎంత విస్తృతమో 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కూలిన కోల్గన్ ఎయిర్ విమానం మీద జరిగిన దర్యాప్తులో తెలిసింది. విమానంలోని 49 మంది, కింద ఇంట్లో ఉన్న ఒకరు ఆ ప్రమాదంలో చనిపోయారు. నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు లెక్కల ప్రకారం ఆ కంపెనీకి నెవార్క్ స్థావరంగా ఉన్న 137 మంది పైలట్లలో 93 మంది, అంటే 68 శాతం, బయటి ఊళ్ల నుంచి వచ్చిపోయేవారే. ప్రమాద విమానంలోని కో-పైలట్ ముందు రోజు సాయంత్రం సియాటిల్‌లో బయల్దేరి, ఫెడెక్స్ సరుకు విమానాల్లో మెంఫిస్ మీదుగా రాత్రంతా ప్రయాణించి తెల్లవారేసరికి నెవార్క్ చేరుకున్నారు. స్టాల్ (రెక్కలు విమానాన్ని గాలిలో ఎత్తి ఉంచలేని స్థితి) హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే ప్రమాదానికి కారణమని బోర్డు తేల్చింది. అలసట ఇద్దరి పనితీరునూ బహుశా దెబ్బతీసి ఉంటుందని, అది ఎంతమేరకో నిర్ధారించలేమని కూడా చెప్పింది. ఆ నివేదికను ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఒకటే. జంప్‌సీట్ దొరకని పైలట్ మరో విమానం కోసం, ఆ పైన మరోదాని కోసం విమానాశ్రయంలో పడిగాపులు పడతారు, మర్నాడు విమానం నడపాల్సింది కూడా ఆ పైలటే.

చేబదుళ్ల లెక్క

కంపెనీల మధ్య జంప్‌సీట్ ఒప్పందాలు కాగితం మీద పరస్పర ఒప్పందాలే. మీ పైలట్లను మేం తీసుకెళ్తాం, మా పైలట్లను మీరు తీసుకెళ్లాలి అన్నంత వరకే అవి చెబుతాయి. దాన్ని అమలుచేసేది వేలాది మంది కెప్టెన్ల రోజువారీ నిర్ణయం. ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య చేబదుళ్ల లాంటి వ్యవహారం ఇది. ఇవాళ పెరుగు తోడు ఇచ్చిన ఇల్లాలికి రేపు కాఫీపొడి దొరుకుతుందన్న నమ్మకమే తప్ప, పద్దు పుస్తకం ఎవరి దగ్గరా ఉండదు. చికాగోలో ఒక కెప్టెన్ నుంచి సీటు పొందిన పైలట్‌కు, ఆయనకే ఆ మేలు తిరిగి చేసే అవకాశం దాదాపు ఉండదు. ఎక్కడో డెన్వర్‌లో ఇంకెవరికో సీటు ఇస్తారు.

ఈ వ్యవస్థ బలహీనత కూడా ఇక్కడే ఉంది. కాదనడానికి కారణం చెప్పాలని ఫెడరల్ నిబంధనలు కెప్టెన్‌ను అడగవు. విమానం భద్రతకు అంతిమ బాధ్యత కెప్టెన్‌ది కనుక చట్టం ఆ విచక్షణను విశాలంగా వదిలింది. వివక్షతో కాదన్నారని తేలితే కంపెనీ సంజాయిషీ అడగవచ్చు, కానీ ‘ఇవాళ కుదరదు’ అన్న మాట వెనుక ఏముందో నిరూపించడం కష్టం. ఒక కంపెనీ కెప్టెన్ మరో కంపెనీ పైలట్‌ను పంతంతో దింపేస్తే, ఆ మాట ఒకటి రెండు రోజుల్లో అవతలి కంపెనీ అంతటికీ పాకుతుంది. అక్కడి కెప్టెన్లు బదులు తీర్చుకుంటారు. ‘జంప్‌సీట్ యుద్ధం’ అని పైలట్లు పిలిచేది దీన్నే. నిన్నటి గొడవ సంగతే తెలియని మూడో మనిషి, నాలుగో మనిషి పెట్టె పట్టుకుని గేటు దగ్గర మిగిలిపోతారు. అందుకే యూనియన్లకు ప్రత్యేకంగా జంప్‌సీట్ కమిటీలు ఉంటాయి. గొడవ ముదరకముందే రెండు కంపెనీల కమిటీ సభ్యులు ఫోన్లో మాట్లాడుకుని సర్దుబాటు చేయడం వాటి పనిలో పెద్ద భాగం.

వెలి: సమ్మె విరిచినవారికి దక్కని సీటు

జంప్‌సీట్‌కూ యూనియన్ విధేయతకూ ముడి బలంగా పడింది 1980లలో. 1978లో అమెరికా విమానయాన రంగంపై ప్రభుత్వ నియంత్రణను సడలించింది, మార్గాలు, టికెట్ ధరలు కంపెనీల ఇష్టానికి వచ్చాయి. ఖర్చు తగ్గించుకోవాలన్న ఒత్తిడి నేరుగా జీతాల మీద పడింది. 1983 సెప్టెంబర్ 24న ఫ్రాంక్ లొరెంజో నాయకత్వంలోని కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ దివాలా రక్షణ కోరి, యూనియన్ ఒప్పందాలను పక్కనపెట్టి, మూడు రోజుల్లోనే తక్కువ జీతాలతో, తక్కువ సిబ్బందితో మళ్లీ విమానాలు నడిపింది. అక్టోబర్ 1న పైలట్లు సమ్మెకు దిగారు. అది 1985 అక్టోబర్ దాకా సాగింది. ఈలోగా చాలామంది తిరిగి పనిలోకి వెళ్లారు, కొత్తవారు చేరారు.

1985 మే 17న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మెకు దిగారు, అది 29 రోజులు సాగింది. కొత్తగా చేరేవారికి పాతవారికంటే బాగా తక్కువ జీతం ఇచ్చే రెండంచెల పద్ధతి ఆ సమ్మెకు మూలం. అప్పటికే యునైటెడ్ శిక్షణ పూర్తిచేసిన 500 మందికి పైగా కొత్త పైలట్లు పనిలో చేరడానికి నిరాకరించి సమ్మెకు అండగా నిలిచారు. కంపెనీ వారికి ఉద్యోగాలు నిరాకరించినా, చివరికి కోర్టు వారి పక్షాన తీర్పు ఇచ్చింది. ఉద్యోగం ఇంకా చేతికి రాకముందే దాన్ని పణంగా పెట్టిన ఆ బృందం పేరు పైలట్ల మధ్య ఇప్పటికీ గౌరవంగా వినిపిస్తుంది. ఇక 1989 మార్చి 4న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్‌లో మెకానిక్‌లు సమ్మె మొదలుపెట్టారు, పైలట్లు వారికి మద్దతుగా విమానాలు నడపడం మానేశారు. అది కూడా లొరెంజో కంపెనీయే. నవంబర్‌లో పైలట్లు సమ్మె విరమించే నాటికి వారి స్థానాలు చాలావరకు భర్తీ అయిపోయాయి. 1991 జనవరిలో ఈస్టర్న్ మూతపడింది.

ఈ మూడు సమ్మెల్లోనూ సమ్మె చేసేవారి గీత (పికెట్ లైన్) దాటి పనిలోకి వెళ్లినవారిని అమెరికన్ కార్మిక భాషలో స్కాబ్ అంటారు. పుండు మీద కట్టే పక్కు అన్నది ఆ మాటకు అసలు అర్థం. పైలట్ల యూనియన్ అయిన ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్ అలాంటివారి పేర్లతో జాబితాలు తయారుచేసింది. చిన్న పుస్తకాల రూపంలో అవి పైలట్ల సంచుల్లోకి చేరాయి. గుమ్మం దగ్గర ఎవరైనా వచ్చి పేరు చెప్పినప్పుడు కెప్టెన్ ఆ జాబితా తెరిచి చూడటం, పేరు కనిపిస్తే తల అడ్డంగా ఊపడం ఆ తరం పైలట్లకు తెలిసిన దృశ్యమే. మన పల్లెల్లో అగ్గి, నీళ్లు పుట్టకుండా చేయడమనే వెలి ఎలా పనిచేసేదో ఇదీ అలాగే పనిచేసింది. ఊరి పెద్దలు శాసించేది ఏమీ లేదు, ప్రతి ఇంటివారూ ఎవరికి వారే తలుపు వేసుకుంటారు.

చట్టం ఈ జాబితాలను అడ్డుకోలేదు. 1974లో అమెరికా సుప్రీంకోర్టు, వర్జీనియాలోని ఒక తపాలా ఉద్యోగుల యూనియన్ ప్రచురించిన స్కాబ్‌ల జాబితా విషయంలో, కార్మిక వివాదాల్లో ఇలాంటి ఘాటైన మాటలకు ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుందని, అవి పరువునష్టం కిందికి రావని తేల్చింది. ఈస్టర్న్ సమ్మెకు సంబంధించిన జాబితాపై కొందరు పైలట్లు వేసిన దావాలోనూ 1999లో అప్పీలు కోర్టు పైలట్ల యూనియన్ పక్షానే తీర్పు ఇచ్చింది. మరోవైపు, సమ్మె చేసేవారి స్థానంలో శాశ్వతంగా కొత్తవారిని పెట్టుకోవడానికి కంపెనీకీ చట్టం అడ్డు చెప్పదు. 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్ 1936 నుంచి విమానయానానికి కూడా వర్తిస్తోంది. దాని ప్రకారం సమ్మె దాకా రావాలంటే మధ్యవర్తిత్వం విఫలమై, ఆపైన 30 రోజుల గడువు ముగియాలి. ఏళ్ల తరబడి వేచి ఉండి చేసిన సమ్మెలో పక్కనున్నవారే గీత దాటితే, ఆ కోపాన్ని తీర్చుకోవడానికి కోర్టూ లేదు, ప్రభుత్వమూ లేదు. కెప్టెన్ చేతిలో, ఎవరి అనుమతీ అక్కర్లేని, కారణం చెప్పనక్కర్లేని సాధనం ఒక్కటే మిగిలింది. విధేయత తగవులు వేరే ఎక్కడా కాక ఈ ఇరుకు సీటు చుట్టూనే తిరగడానికి అది ప్రధాన కారణం.

సీనియారిటీ: కోపం ఎందుకు చల్లారదు

చాలా వృత్తుల్లో సమ్మె నాటి పగలు ఐదారేళ్లలో సమసిపోతాయి, మనుషులు ఉద్యోగాలు మారతారు, మరిచిపోతారు. పైలట్ల విషయంలో అలా జరగదు. అమెరికన్ ఎయిర్‌లైన్‌లో పైలట్ జీవితాన్ని నిర్ణయించేది సీనియారిటీ నంబర్. ఏ విమానం నడపాలి, ఎప్పుడు కెప్టెన్ కావాలి, ఏ పండుగకు ఇంట్లో ఉండాలి, మాంద్యంలో ముందు ఎవరిని ఇంటికి పంపాలి అన్నవన్నీ ఆ నంబర్ ప్రకారమే జరుగుతాయి. ప్రతిభ, అనుభవం, పాత కంపెనీలో నడిపిన గంటలు ఏవీ ఆ నంబర్‌ను ముందుకు జరపవు. కంపెనీ మారితే 20 ఏళ్ల అనుభవం ఉన్న కెప్టెన్ కూడా కొత్త జాబితాలో అట్టడుగున చేరి, కో-పైలట్ జీతంతో మళ్లీ మొదలుపెట్టాలి. అందువల్ల చేరినవారు కదలరు. గీత దాటినవారూ, దాటనివారూ అదే కంపెనీలో, అదే జాబితాలో, ఒకరి వెనుక ఒకరుగా 30 ఏళ్లు కలిసి బతకాలి.

పైగా సమ్మె కాలంలో గీత దాటడం వల్ల దక్కిన లాభం కొన్నిచోట్ల జాబితాలో పై మెట్టుగా, ముందుగా దొరికిన కెప్టెన్ సీటుగా శాశ్వతంగా మిగిలిపోయింది. సమ్మెలో నిలబడ్డ పైలట్‌కు ప్రతి నెలా డ్యూటీ షెడ్యూలు వచ్చినప్పుడల్లా ఆ లెక్క మళ్లీ కనిపిస్తుంది. వైరం ఇన్నేళ్లు నిలిచిందంటే అది పైలట్ల స్వభావంలోని లోపమని తేల్చేయడం సులువే, కానీ ఈ జాబితా నిర్మాణాన్ని చూసినవారికి ఆ మాట సరిపోదనిపిస్తుంది.

ఈస్ట్, వెస్ట్: ఒకే కంపెనీలో రెండు శిబిరాలు

సమ్మెలు తగ్గాక తగవు విలీనాల్లోకి మారింది. రెండు కంపెనీలు కలిస్తే రెండు సీనియారిటీ జాబితాలు ఒకటి కావాలి. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మరో ఎయిర్‌లైన్ టీడబ్ల్యూఏను (ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్) కొన్నప్పుడు, టీడబ్ల్యూఏ పైలట్లలో సగానికి పైగా జాబితా చివరికి చేరారు. కొద్ది నెలలకే వచ్చిన సెప్టెంబర్ 11 సంక్షోభంలో ఉద్యోగాలు కోల్పోయింది కూడా ఎక్కువగా వారే. తమ యూనియనే తమను కాపాడలేదని వారు వేసిన దావాలో 2011లో జ్యూరీ వారి పక్షాన తీర్పు ఇచ్చింది, 2014లో 5.3 కోట్ల డాలర్ల పరిహారంతో ఆ కేసు ముగిసింది. అంతకుముందే, ఈ చేదు అనుభవం దృష్ట్యా 2007 చివర్లో, విలీనాల్లో జాబితాల కలయిక న్యాయంగా, సమానంగా జరగాలన్న చట్టం వచ్చింది. దాన్ని మెకాస్కిల్-బాండ్ సవరణ అంటారు.

అప్పటికే మరో తగవు రాజుకుంది. 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాయి. తూర్పు తీరంలోని పాత యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు సుమారు 5,100 మంది, వారిలో దాదాపు 1,700 మంది పని లేక ఇంటి దగ్గర ఉన్నారు. ఫీనిక్స్ కేంద్రంగా ఉన్న అమెరికా వెస్ట్ పైలట్లు 1,900 మంది, అందరూ పనిలో ఉన్నారు. ఈస్ట్ వర్గం ఉద్యోగంలో చేరిన తేదీనే ప్రమాణంగా తీసుకోమంది. వెస్ట్ వర్గం, దివాలాలో ఉన్న కంపెనీని తమ కంపెనీ నిలబెట్టిందని, విలీనం నాటికి ఎవరి ఉద్యోగం ఎక్కడుందో దాన్ని బట్టి కలపమంది. ఇద్దరికీ అప్పుడు ఒకే యూనియన్. ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి జార్జ్ నికొలౌ 2007 మేలో తీర్పు ఇచ్చారు. ఈస్ట్‌లోని సుమారు 500 మంది అత్యంత సీనియర్లను జాబితా పైన పెట్టి, ఇంటి దగ్గర ఉన్న 1,700 మందిని అడుగున పెట్టి, మిగిలినవారిని నిష్పత్తి ప్రకారం కలిపారు. దాంతో ఈస్ట్‌లో పదిహేనేళ్లకు పైగా సర్వీసు ఉండి పని కోల్పోయినవారు, వెస్ట్‌లో కొత్తగా చేరినవారికంటే కిందికి వెళ్లారు.

తీర్పుకు కట్టుబడతామని ముందే ఒప్పుకున్నా, ఈస్ట్ వర్గం దాన్ని జీర్ణించుకోలేకపోయింది. సంఖ్యాబలం తమదే కనుక కొత్త యూనియన్ పెట్టి, 2008 ఏప్రిల్‌లో ఎన్నికలో గెలిచి, పాత యూనియన్‌ను తొలగించింది. చేరిన తేదీయే ప్రమాణమని ఆ కొత్త యూనియన్ నియమావళిలోనే రాసుకుంది. ఇక్కడ జంప్‌సీట్ మళ్లీ రంగంలోకి వచ్చింది. ఒకే కంపెనీ పేరు, ఒకే యూనిఫాం, అయినా అవతలి శిబిరం వారికి సీటు నిరాకరించిన ఘటనలు రెండు వైపులా వినిపించాయి. ఎవరు ఏ శిబిరమో చెప్పడానికి మెడలోని గుర్తింపు కార్డు తాడు, టై మీది యూనియన్ పిన్ను చాలు. వెస్ట్ పైలట్లు వేధిస్తున్నారంటూ కొత్త యూనియన్, వ్యవస్థీకృత నేరాల నిరోధానికి చేసిన చట్టాన్ని ఆధారం చేసుకుని వారి మీద దావా వేసింది. కోర్టు దాన్ని కొట్టేసింది, 2010లో అప్పీలు కోర్టూ అదే మాట చెప్పింది.

ఈ తగవు ఖర్చు ఎవరు మోశారో చూస్తే పరిస్థితి స్పష్టమవుతుంది. ఒకే జాబితా, ఒకే ఒప్పందం లేకపోవడంతో రెండు వర్గాలూ ఏళ్ల తరబడి వేర్వేరు ఒప్పందాల కింద, దివాలా కాలం నాటి జీతాలతోనే పనిచేశాయి. విడివిడిగా ఉన్న పైలట్ల నుంచి యాజమాన్యానికి పెద్దగా ఒత్తిడి ఎదురుకాలేదు. 2009లో జ్యూరీ వెస్ట్ పక్షాన తీర్పు ఇస్తే, 2010లో అప్పీలు కోర్టు తగవు ఇంకా తీర్పు చెప్పే దశకు రాలేదని దాన్ని పక్కనపెట్టింది. 2013 డిసెంబర్‌లో కంపెనీ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. 2015లో అదే అప్పీలు కోర్టు, ఈస్ట్ యూనియన్ వెస్ట్ పైలట్ల పట్ల న్యాయంగా ప్రవర్తించలేదని తేల్చింది. 2016లో ముగ్గురు మధ్యవర్తుల బృందం ఈస్ట్, వెస్ట్, అమెరికన్ వర్గాలు మూడింటికీ కలిపి ఒకే జాబితా ఇచ్చాక గానీ విషయం ముగియలేదు. 2005 నుంచి లెక్కిస్తే 11 ఏళ్లు.

జోడు కంపెనీ తగవు

వేరే రకం విధేయత వివాదానికి గోజెట్ ఉదాహరణ. పెద్ద ఎయిర్‌లైన్ల పైలట్ల ఒప్పందాల్లో, చిన్న అనుబంధ కంపెనీలు ఎన్ని సీట్ల విమానాలు నడపవచ్చో పరిమితులు ఉంటాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు అనుబంధంగా పనిచేస్తున్న ట్రాన్స్ స్టేట్స్ అనే కంపెనీకి అలాంటి పరిమితి అడ్డొచ్చింది. దాని యజమానులు యునైటెడ్ కోసం 70 సీట్ల తరగతి విమానాలు నడపడానికి 2005లో గోజెట్ పేరుతో మరో కంపెనీ తెరిచారు. ఆ విమానాలు తమకు దక్కాల్సినవని ట్రాన్స్ స్టేట్స్ పైలట్లు భావించారు. పక్క ఇంటి పేరుతో తమ పొలమే దున్నుతున్నారన్నది వారి అభ్యంతరం. గోజెట్‌లో చేరినవారికి చాలా కంపెనీల కెప్టెన్లు జంప్‌సీట్ నిరాకరించారు.

ఈ ఉదంతంలో ఆయుధం గురి తప్పడం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కంపెనీ తెరవాలన్న నిర్ణయం యజమానులది, పరిమితి రాసుకున్నది మరో కంపెనీ యూనియన్. గేటు దగ్గర సీటు దొరకనిది మాత్రం తొలి జెట్ ఉద్యోగం దొరికిందని చేరిన పాతికేళ్ల కో-పైలట్‌కు. సమ్మె గీత దాటినవారితో వీరిని ఒకే గాటన కట్టడం సరికాదన్న వాదన యూనియన్ల లోపలి నుంచే వచ్చింది. అక్కడ సమ్మె లేదు, దాటడానికి గీత కూడా లేదు.

భద్రత కోసం ‘కాదు’, పంతం కోసం ‘కాదు’

కెప్టెన్‌కు ఉన్న ఈ విచక్షణను తీసేస్తే తగవు తీరుతుంది కదా అన్న ప్రశ్న సహజం. దానికి రెండు ఘటనలు అడ్డుపడతాయి. 1994 ఏప్రిల్ 7న మెంఫిస్ నుంచి బయల్దేరిన ఫెడెక్స్ 705 విమానంలో, క్రమశిక్షణ చర్య ఎదుర్కొంటున్న అదే కంపెనీ ఫ్లైట్ ఇంజనీర్ జంప్‌సీట్ ప్రయాణికుడిగా ఎక్కి, గిటార్ పెట్టెలో దాచి తెచ్చిన సుత్తులతో ముగ్గురు సిబ్బంది మీద దాడిచేశాడు. తీవ్ర గాయాలతోనే వారు అతన్ని అదుపుచేసి విమానాన్ని తిరిగి మెంఫిస్‌లో దించారు. 2023 అక్టోబర్ 22న ఎవరెట్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న హొరైజన్ ఎయిర్ విమానంలో, కాక్‌పిట్ జంప్‌సీట్‌లో కూర్చున్న డ్యూటీలో లేని పైలట్ ఇంజన్లను ఆపేసే ఫైర్ హ్యాండిళ్లను లాగబోయాడు. సిబ్బంది అడ్డుకుని విమానాన్ని పోర్ట్‌లాండ్‌కు మళ్లించారు.

రెండుసార్లూ గుర్తింపు కార్డుల్లో తప్పేమీ లేదు, కంప్యూటర్ పట్టుకోగలిగింది కూడా ఏమీ లేదు. గుమ్మం దగ్గర నిలబడిన మనిషి కళ్లలోకి చూసి మాట్లాడి, ఏదో తేడాగా ఉందనిపిస్తే వద్దనగలిగే హక్కు కెప్టెన్‌కు ఉండాలని పైలట్లందరూ గట్టిగా పట్టుబట్టడానికి కారణం ఇదే. స్వయంగా వెళ్లి అడగాలన్న ఆనవాయితీ విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది, ఆ రెండు నిమిషాల పలకరింపు తనిఖీ కూడా. అయితే ఇదే కారణంతో, విధేయత తగవుల్లో ఈ హక్కును వాడటం నష్టం చేస్తుంది. భద్రత కోసం చెప్పే ‘కాదు’కూ, పాత పగతో చెప్పే ‘కాదు’కూ బయటికి తేడా కనిపించదు. రెండోది ఎక్కువైతే, మొదటిదాన్ని కంపెనీలూ నియంత్రణ సంస్థలూ అనుమానంగా చూసే ప్రమాదం ఉంది.

మన దగ్గర పోలిక

ఇండియాలో ఒక కంపెనీ పైలట్లు మరో కంపెనీ కాక్‌పిట్లలో రోజూ తిరిగే ఇంతటి విస్తృత వ్యవస్థ లేదు. మన దగ్గర కాక్‌పిట్ ప్రవేశం వార్తల్లోకి వచ్చింది వేరే కారణంతో. 2023 ఫిబ్రవరిలో దుబాయ్ నుంచి ఢిల్లీ వస్తున్న ఎయిరిండియా విమానంలో పైలట్ తన స్నేహితురాలిని కాక్‌పిట్‌లోకి రానిచ్చినందుకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కంపెనీకి 30 లక్షల రూపాయల జరిమానా వేసి, ఆ పైలట్ లైసెన్సును మూడు నెలలు సస్పెండ్ చేసింది.

విలీనం తెచ్చిన సీనియారిటీ వైరం మాత్రం మనకూ తెలుసు. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాక రెండు యూనియన్లు, రెండు శిబిరాలు మిగిలాయి. 2011లో పూర్వ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతాల కోసం పది రోజులు సమ్మె చేశారు. 2012లో పూర్వ ఎయిరిండియా పైలట్లు, కొత్తగా రాబోతున్న బోయింగ్ 787 శిక్షణను అవతలి వర్గానికి ఇవ్వవద్దంటూ 58 రోజులు సమ్మె చేశారు. ఒకరి సమ్మె మరొకరి సమ్మె కాలేదు. వేరుగా ఉన్నది ఒక్కటే, అవతలి వర్గం మనిషిని రోజూ గుమ్మం దగ్గర ఆపగలిగే సీటు వీరి చేతిలో లేదు. తగవు కోర్టులకు, మంత్రిత్వ శాఖకు, కమిటీలకు పరిమితమైంది.

వయసు తీర్చే లెక్కలు

అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్ల పదవీ విరమణ వయసు 2007 డిసెంబర్‌లో 60 నుంచి 65కు పెరిగింది. 1985లో పాతికేళ్ల వయసులో కాంటినెంటల్‌లోనో యునైటెడ్‌లోనో గీత దాటిన పైలట్‌కు 2025లో 65 నిండాయి. ఆ జాబితాలోని పేర్లు ఇక గుమ్మాల దగ్గర దాదాపు వినిపించవు. 1989 నాటి ఈస్టర్న్ జాబితాలో అతి చిన్నవారు 2030ల మొదట్లో విరమిస్తారు. 1980ల సమ్మెల తరం అక్కడితో ముగుస్తుంది.

విలీనాల తరం అలా కాదు. 2005లో పాతికేళ్ల వయసుతో ఫీనిక్స్‌లో చేరిన పైలట్ 2045 దాకా విమానం నడుపుతారు. ఆ పైలట్ పక్కన కో-పైలట్‌గానో, వెనుక జంప్‌సీట్‌లోనో కూర్చునే సహోద్యోగి టీడబ్ల్యూఏ జాబితా చివర మిగిలినవారు కావచ్చు, ఈస్ట్ శిబిరం నుంచి వచ్చినవారు కావచ్చు. ఇప్పుడు వారందరికీ ఒకే కంపెనీ, ఒకే యూనియన్, ఒకే జాబితా. డ్యూటీ షెడ్యూలు వచ్చిన ప్రతి నెలా, ఆ జాబితాలో తమ నంబర్ ఎక్కడుందో వారందరూ చూసుకుంటూనే ఉన్నారు.